శ్వాసనాళాల వాపులో సైటోకైన్లు: మొదలుపెట్టేవి సరే, ఆపేవి ఏవి?

#1 · తూనిక

ఉబ్బసం మీద ఏ పాఠం తెరిచినా బొమ్మ ఒకటే. పైన ఎపిథీలియం (నాళం లోపలి కణాల పొర), దాన్నుంచి ఐఎల్-33, ఐఎల్-25, టీఎస్‌ఎల్‌పీ అనే సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లు, మూడు బాణాలుగా, కింద ఐఎల్‌సీ2, టీహెచ్2 అనే రోగనిరోధక కణాలు, వాటి నుంచి ఐఎల్-4, 5, 13. బాణాలన్నీ కిందికే పోతాయి, ఒక్కటీ వెనక్కి తిరగదు. కానీ ఆరోగ్యంగా ఉన్న శ్వాసనాళం కూడా రోజంతా దుమ్మూ పొగా పీలుస్తూనే ఉంటుంది, అయినా వాచిపోదు. అంటే బొమ్మలో సగమే ఉందన్నమాట.

తెలిసినవాళ్లు వివరంగా రాస్తారని మూడు ప్రశ్నలు పెడుతున్నాను. ఐఎల్-33 ఎపిథీలియం కణాల్లో ఎప్పుడూ నిల్వ ఉంటుంది కదా, మరి ఎప్పుడూ వాపు ఎందుకు ఉండదు? ఐఎల్-4, ఐఎల్-13 రెండూ ఒకే రిసెప్టర్ (కణం మీద సంకేతాన్ని పట్టే ప్రోటీన్) గొలుసును వాడుకుంటాయి, అలాంటప్పుడు వాటి పనులు ఎలా వేరయ్యాయి? ఐఎల్-5ను ఆపే మందు ఇస్తే రక్తంలో ఇసినోఫిల్స్ (అలర్జీ వాపులో పెరిగే తెల్లకణాలు) పడిపోతాయి గాని ఊపిరిలో వదిలే నైట్రిక్ ఆక్సైడ్, అదే ఫీనో, పెద్దగా కదలదు. ఐఎల్-4 రిసెప్టర్‌ను ఆపితే ఫీనో పడిపోతుంది, ఇసినోఫిల్స్ మాత్రం కొన్నాళ్లు పెరగొచ్చు. ఈ తేడా ఎక్కడిది?

#2 · కణకేంద్రం

మొదటి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఐఎల్-33 సంగతి తెలిస్తే మిగతావాటిని చూసే చూపే మారుతుంది.

మామూలు సైటోకైన్ తయారవగానే కణం దాన్ని బయటికి పంపే దారిలో పెడుతుంది. ఐఎల్-33కు ఆ దారికి పంపే చీటీ లేదు. మనుషుల్లో అది 270 అమైనో ఆమ్లాల ప్రోటీన్. దాని ముందు భాగం క్రోమాటిన్‌కు (కేంద్రకంలో ప్రోటీన్ల చుట్టూ చుట్టుకున్న డీఎన్‌ఏ) అతుక్కుంటుంది. అందుకే అది కేంద్రకంలోనే కట్టుబడి ఉంటుంది. ఎలుకల్లో ఈ అతుక్కునే భాగాన్ని తీసేస్తే ఐఎల్-33 కట్టు తెంచుకుని రక్తంలోకి వస్తుంది, ఒళ్లంతా ఇసినోఫిల్స్‌తో నిండిన వాపు వచ్చి ఎలుకలు చనిపోతాయి. కాబట్టి మొదటి కళ్లెం కేంద్రకమే.

రెండో కళ్లెం కణం చచ్చే తీరులో ఉంది. కణం పద్ధతిగా, అపాప్టోసిస్‌తో చచ్చిపోతే కాస్పేస్-3, కాస్పేస్-7 అనే ఎంజైమ్‌లు ఐఎల్-33ను నడిమధ్యలో, 178వ స్థానం దగ్గర కోసేస్తాయి. ఆ ముక్కలకు సంకేతం ఇచ్చే శక్తి ఉండదు. కణం పగిలి చస్తే మాత్రం పూర్తి ప్రోటీన్ బయటపడుతుంది. అక్కడ న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) వదిలే ఎలాస్టేస్, కాథెప్సిన్-జీ, మాస్ట్ కణాల కైమేస్, ట్రిప్టేస్ అనే ఎంజైమ్‌లు దాన్ని వేరే చోట, ముందు భాగం ఊడిపోయేలా కోస్తాయి. అలా మిగిలిన ముక్క మొత్తం ప్రోటీన్ కంటే 10 నుంచి 30 రెట్లు బలమైనది. దుమ్ములోని పురుగుల్లో, బూజుల్లో ఉండే ప్రోటియేజ్‌లు (ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌లు) కూడా ఇదే పని చేయగలవు. కోత ఒక చోట పడితే చావు, ఇంకో చోట పడితే పదింతల బలం.

మూడోది ఆక్సిజన్. బయటికొచ్చిన ఐఎల్-33లోని నాలుగు సిస్టీన్లు ఆక్సీకరణ చెంది రెండు డైసల్ఫైడ్ బంధాలు ఏర్పరుస్తాయి, ప్రోటీన్ ఆకారం మారిపోతుంది, ఎస్‌టీ2 రిసెప్టర్ ఇక దాన్ని పట్టుకోదు. కొద్ది గంటల్లోనే ఇదంతా అయిపోతుంది. ఈలోపు దొరికినదాన్ని కరిగి తిరిగే ఎస్‌టీ2, అంటే పొరకు అతుక్కోని ఉత్తి రిసెప్టర్ ముక్క, మింగేస్తుంది. ఇదీ నాలుగో కళ్లెం.

#3 · తూనిక

కణకేంద్రం గారూ, ధన్యవాదాలు. ఒక అనుమానం. ఐఎల్-33 ఒక్కటే వస్తే ఐఎల్‌సీ2 మొత్తం పని మొదలుపెడుతుందా? టీఎస్‌ఎల్‌పీ కూడా ఎందుకు?

#4 · కణకేంద్రం

ఒక్కదానితో పూర్తిగా కాదు. ఎస్‌టీ2 లోపల మైడీ88, ఐరాక్4, ట్రాఫ్6 మీదుగా ఎన్‌ఎఫ్-కప్పాబీని, పీ38ని లేపుతుంది; ఇవన్నీ కణం లోపల సంకేతాన్ని మోసే ప్రోటీన్లు. టీఎస్‌ఎల్‌పీ తన రిసెప్టర్, ఐఎల్-7 రిసెప్టర్ ఆల్ఫా కలిసిన జంట మీదుగా స్టాట్5 అనే ఇంకో సంకేత ప్రోటీన్‌ను లేపుతుంది. ఐఎల్‌సీ2 ఐఎల్-5, ఐఎల్-13 ధారగా పోయాలంటే ఈ రెండు దారులూ కలవాలి. ఐఎల్-2, ఐఎల్-7 కూడా స్టాట్5 వైపు సాయం చేయగలవు. ఇది కూడా ఒక రక్షణే: ఒక్క పొరపాటు సంకేతంతో మొత్తం వ్యవస్థ కదలదు.

టీఎస్‌ఎల్‌పీతో వచ్చే ఇబ్బంది ఇంకొకటుంది. స్టాట్5 బలంగా లేస్తే ఐఎల్‌సీ2 స్టెరాయిడ్‌కు లొంగకుండా పోతుంది. 2013లో ఎలుకల్లో ఇది చూపించారు. పీల్చే స్టెరాయిడ్ పెంచుతూ పోయినా కొందరిలో ఇసినోఫిల్స్ దిగకపోవడానికి ఇది ఒక కారణం.

#5 · పిపెట్‌మొన

ల్యాబ్‌లో ఐఎల్-33ను కొలిచేవాళ్లు పై మాటలు గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఎలైజా (యాంటీబాడీతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) ప్లేటు ఇచ్చే అంకె “ఎంత ఐఎల్-33 ఉంది” అన్నదానికి జవాబు కాదు. చాలా కిట్లలోని యాంటీబాడీలు ఆక్సీకరణ చెందినదాన్నీ, పనికొచ్చేదాన్నీ ఒకేలా పడతాయి. కొన్నిటికి కరిగిన ఎస్‌టీ2 అడ్డం వస్తుంది: శాంపిల్‌లో ప్రోటీన్ ఉన్నా రిసెప్టర్ ముక్క కప్పేయడంతో యాంటీబాడీకి చోటు దొరకదు, సున్నా వస్తుంది. కాబట్టి కిట్ కొనే ముందు రెండు విషయాలు అడగాలి: ఆ యాంటీబాడీ ఏ రూపాన్ని గుర్తిస్తుంది, ఎస్‌టీ2 కలిపిన శాంపిల్‌లో రికవరీ, అంటే కలిపిన ప్రోటీన్‌లో తిరిగి కొలతకు వచ్చే శాతం, ఎంత?

టీఎస్‌ఎల్‌పీలో ఇంకో ఉచ్చు ఉంది. దానికి పొడవు రూపం, పొట్టి రూపం ఉన్నాయి. పొట్టిది ఎపిథీలియంలో మామూలు రోజుల్లోనూ తయారవుతూ ఉంటుంది, వాపును పెంచదు. వైరస్ గాని, డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏ గాని తగిలినప్పుడు ఎగిసేది పొడవుది. రెంటికీ చివరి భాగం ఒకటే. పీసీఆర్ (జన్యు సందేశాన్ని పెంచి కొలిచే పద్ధతి) ప్రైమర్లు, అంటే అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అక్కడ కూర్చుంటే రెండూ కలిపి లెక్కకు వస్తాయి, మార్పు కనపడదు. ప్రైమర్లు పొడవు రూపానికి మాత్రమే ఉన్న ముందు భాగం మీద పెట్టాలి. “మా కణాల్లో టీఎస్‌ఎల్‌పీ పెరగలేదు” అన్న ఫలితం వస్తే మొదట వెతకాల్సింది ఇక్కడ.

#6 · గ్రాహకి

రెండో ప్రశ్న. ఐఎల్-4, ఐఎల్-13 తేడా అంతా రెండో గొలుసు ఎక్కడుందన్నదానిలో ఉంది.

ఐఎల్-4 ముందు ఐఎల్-4ఆర్-ఆల్ఫాను గట్టిగా పట్టుకుని, ఆ తర్వాత జతగాణ్ణి పిలుస్తుంది. తెల్లరక్తకణాల మీద ఆ జతగాడు గామా-సి గొలుసు. ఇది మొదటి రకం రిసెప్టర్, లోపల జాక్1, జాక్3 ఎంజైమ్‌లు పనిచేస్తాయి. ఎపిథీలియం, నునుపు కండరాల మీద గామా-సి లేదు, ఐఎల్-13ఆర్-ఆల్ఫా1 ఉంటుంది. ఇది రెండో రకం, జాక్1, టైక్2 పనిచేస్తాయి. ఐఎల్-13 వెళ్లేది ఈ రెండో రకానికే, అదీ తిరగేసిన క్రమంలో: ముందు ఐఎల్-13ఆర్-ఆల్ఫా1ను కాస్త వదులుగా పట్టుకుని, తర్వాత ఐఎల్-4ఆర్-ఆల్ఫాను పిలుస్తుంది. ఏ దారిలో పోయినా చివరికి తగిలేది ప్రధానంగా స్టాట్6.

అందుకే టీ కణాన్ని టీహెచ్2 వైపు తిప్పడం, బీ కణం ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) తయారీకి మారడం ఐఎల్-4 పనులయ్యాయి. శ్లేష్మం, కండరం బిగుసుకోవడం, ఫీనో పెరగడం ఎక్కువగా ఐఎల్-13 చేతిలో పడ్డాయి. కణజాలంలో ఐఎల్-13 ఎక్కువగా తయారవుతుందన్న సంగతీ దీనికి తోడు.

ఎపిథీలియం లోపల ఏం జరుగుతుందో చూడండి. స్టాట్6 లేవగానే జన్యువులను నడిపే ప్రోటీన్లలో ఎస్‌పీడీఈఎఫ్ పెరుగుతుంది, ఫాక్స్ఏ2 తగ్గుతుంది. ఆ తర్వాత కొన్ని రోజులకు శ్లేష్మం పోసే గోబ్లెట్ కణాలు పెరిగి మక్5ఏసీ మ్యూసిన్ పోగవుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసే ఐనాస్ ఎంజైమ్ పెరుగుతుంది, అదే ఫీనోకు మూలం. సీసీఎల్26 అంటే ఈటాక్సిన్-3 వస్తుంది, ఇసినోఫిల్స్‌ను రక్తంలోంచి లోపలికి లాగేది అదే.

ఇక కళ్లేలు. ఐఎల్-13 తనే ఐఎల్-13ఆర్-ఆల్ఫా2 అనే మరో రిసెప్టర్‌ను పెంచుతుంది. అది ఐఎల్-13ను అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటుంది గాని స్టాట్6ను లేపదు, పట్టుకున్నదాన్ని కణం లోపలికి లాగి ఖర్చు చేసేస్తుంది. ఇంకోపక్క స్టాట్‌లు లేచిన గంట, రెండు గంటల్లో సాక్స్1 ప్రోటీన్ తయారై జాక్1కు ముందరికాళ్లకు బంధం వేస్తుంది. అంటే సంకేతం తన ఆపుడు మీటను తనే తయారు చేసుకుంటుంది. #1లో అడిగిన వెనక్కి తిరిగే బాణాలు ఇవే.

#7 · వాయుగోణి

ఇక మూడో ప్రశ్న, వైద్యం వైపు నుంచి. పై రెండు జవాబులూ చదివినవాళ్లకు ఇది తేలిక.

ఐఎల్-5 పని ఇసినోఫిల్ మీద: ఎముక మజ్జలో పుట్టించడం, బతికించడం. మెపోలిజుమాబ్ 100 మి.గ్రా. నాలుగు వారాలకోసారి చర్మం కింద ఇస్తే ఐఎల్-5ను పట్టేస్తుంది, రక్తంలో ఇసినోఫిల్స్ పడిపోతాయి. ఐనాస్ ఉన్నది ఎపిథీలియంలో, దాన్ని నడిపేది ఐఎల్-13. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు కదా, ఫీనో ఎందుకు తగ్గుతుంది? బెన్‌రాలిజుమాబ్ ఒక అడుగు ముందుకు వెళ్లి ఐఎల్-5 రిసెప్టర్‌కే అతుక్కుంటుంది, దాని తోకలో ఫ్యూకోజ్ చక్కెర తీసేయడం వల్ల ఎన్‌కే (సహజ సంహారక) కణాలు ఆ ఇసినోఫిల్‌ను గట్టిగా పట్టుకుని చంపేస్తాయి. 30 మి.గ్రా. చొప్పున మొదటి మూడు మోతాదులు నాలుగు వారాలకోసారి, తర్వాత ఎనిమిది వారాలకోసారి.

డూపిలుమాబ్ ఐఎల్-4ఆర్-ఆల్ఫాను మూసేస్తుంది. రెండు రకాల రిసెప్టర్లలోనూ అదే ఉంది కాబట్టి ఐఎల్-4, ఐఎల్-13 రెండూ ఆగిపోతాయి, ఐనాస్ తగ్గుతుంది, ఫీనో దిగుతుంది. దాంతోపాటు ఈటాక్సిన్లు తగ్గుతాయి, రక్తనాళం గోడ మీద కణాలు అతుక్కునే వీకామ్-1 ప్రోటీన్ తగ్గుతుంది. మజ్జ మాత్రం ఐఎల్-5 వల్ల ఇసినోఫిల్స్‌ను పుట్టిస్తూనే ఉంటుంది. లోపలికి పోయే దారి మూసుకుపోయి అవి రక్తంలోనే నిలిచిపోతాయి. రక్తంలో అంకె పెరిగిందంటే వాపు పెరిగిందని కాదు. అయితే మైక్రోలీటరుకు 1500 దాటి ఉన్నవాళ్లలో ఈ మందు మొదలుపెట్టే ముందు ఆగి ఆలోచించాలి. మందు మీద ఉండగా అంకె బాగా పెరిగి, దానితో కాళ్లు చేతుల తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, గుండె లక్షణాలు కనపడితే రక్తనాళాల వాపు కోసం వెతకాలి.

టెజెపెలుమాబ్ 210 మి.గ్రా. నాలుగు వారాలకోసారి. ఇది టీఎస్‌ఎల్‌పీని పట్టుకుంటుంది, అంటే నదికి ఎగువన అడ్డుకట్ట. రెండు అంకెలూ తగ్గుతాయి. మూడో దశ పరీక్షలో ఏడాదికి తీవ్రమైన దాడులు డమ్మీ మందు వాళ్లలో 2.10, దీనితో 0.93. ఇసినోఫిల్స్ తక్కువ ఉన్నవాళ్లలోనూ కొంత లాభం కనపడింది.

#8 · తూనిక

వాయుగోణి గారూ, అంకెలు చదివే పద్ధతి కూడా రాయగలరా? రక్తం రిపోర్టులో శాతం ఉంటుంది, మందుల అర్హతలో మైక్రోలీటరు లెక్క ఉంటుంది. చాలామంది అక్కడే తప్పు చేస్తారు.

#9 · వాయుగోణి

తప్పకుండానండీ. శాతాన్ని మొత్తం తెల్లకణాలతో గుణించాలి. తెల్లకణాలు 8000, ఇసినోఫిల్స్ 4 శాతం అయితే 320. అదే 4 శాతం, తెల్లకణాలు 4500 అయితే 180. మందుల అర్హతలో వాడే గీతల్లో మొదటిది 300 దాటింది, రెండోది 150 గీత మాత్రమే దాటింది. శాతం ఒకటే, అర్థం వేరు.

స్టెరాయిడ్ మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే ఇసినోఫిల్స్ పడిపోతాయి. అందుకే దాడి వచ్చి స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు తీసిన “0” చూసి టైప్-2 వాపు (ఐఎల్-4, 5, 13 నడిపే వాపు) లేదని రాయకూడదు. మాత్రలు ఆపి కనీసం ఒకటి రెండు వారాలయ్యాక, లేదా వీలైనంత తక్కువ మోతాదు మీద ఉండగా మళ్లీ చూడాలి. మూడుసార్ల దాకా చూశాకే లేదని తేల్చాలి. ఒంటి సహజ కార్టిసాల్ వల్ల ఒకే మనిషిలో ఉదయానికీ రాత్రికీ కూడా అంకె మారుతుంది కాబట్టి పోల్చేటప్పుడు ఒకే వేళ తీయించడం మంచిది. కడుపులో పురుగులున్నా ఇసినోఫిల్స్ పెరుగుతాయి, ఐఎల్-5 ఆపే మందుకు ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

ఫీనోకు ఊపిరి వదిలే వేగం సెకనుకు 50 మి.లీ. ఉండాలి. వేగం పెరిగితే అంకె తగ్గుతుంది, ఎందుకంటే నాళం గోడ నుంచి వచ్చే వాయువు ఎక్కువ గాలిలో పలచబడుతుంది. కొంచెం ఎదురు ఒత్తిడి పెట్టి ఊదిస్తారు. అలా ఊదినప్పుడు కొండనాలుక వెనక దారి మూసుకుని ముక్కులోని నైట్రిక్ ఆక్సైడ్ కలవదు. ముక్కులో అది చాలా ఎక్కువ ఉంటుంది, కలిస్తే రిపోర్టు పనికిరాదు. స్పైరోమెట్రీకి (గట్టిగా ఊది ఊపిరి కొలిచే పరీక్ష) ముందే ఫీనో తీయాలి. పొగతాగేవాళ్లలో అంకె తక్కువ చూపిస్తుంది, పీల్చే స్టెరాయిడ్ కూడా తగ్గిస్తుంది, నైట్రేట్ ఎక్కువున్న తిండి పెంచుతుంది. పెద్దవాళ్లలో 25 పీపీబీ (వంద కోట్లలో 25 భాగాలు) లోపు తక్కువ, 50 దాటితే ఎక్కువ. పిల్లల్లో ఆ గీతలు 20, 35.

ఫీనో 60, ఇసినోఫిల్స్ 90 అని వస్తే ఐఎల్-13 దారి చురుగ్గా ఉందని ఒక ఊహ. ఫీనో 15, ఇసినోఫిల్స్ 600 అయితే ఐఎల్-5 వైపు చూపు. మొదటిదాంట్లో మాత్రం ఇంకో ప్రశ్న తప్పదు: పీల్చే మందు నిజంగా పీలుస్తున్నారా? ఫీనో ఎక్కువ ఉండటానికి మందు వాడకపోవడం కూడా మామూలు కారణమే.

#10 · సూక్ష్మదర్శి

చర్చ అంతా టైప్-2 చుట్టే తిరుగుతోంది. న్యూట్రోఫిల్స్‌తో నిండిన శ్వాసనాళాల సంగతేంటి? ఐఎల్-17 ఎపిథీలియంను తాకితే సీఎక్స్‌సీఎల్8, జీ-సీఎస్‌ఎఫ్ అనే సంకేత ప్రోటీన్లు వస్తాయి, న్యూట్రోఫిల్స్ పోటెత్తుతాయి, స్టెరాయిడ్ పనిచేయదు. అది కూడా అంతే ముఖ్యమైన దారి కదా.

#11 · వాయుగోణి

దారి ఉంది, కాదనను. కానీ దాన్ని మూస్తే రోగి బాగుపడతాడన్నది వేరే మాట. ఐఎల్-17 రిసెప్టర్‌ను ఆపే బ్రోడలుమాబ్‌ను ఉబ్బసంలో పరీక్షించి 2013లో ఫలితం ప్రచురించారు, మొత్తం మీద లాభం కనపడలేదు. టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్‌ను ఆపే గోలిముమాబ్‌తో తీవ్ర ఉబ్బసంలో చేసిన పరీక్షను తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు, క్యాన్సర్ల వల్ల మధ్యలోనే ఆపేశారు, 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. న్యూట్రోఫిల్స్ పని కాపలా కూడా. పైగా స్టెరాయిడ్ న్యూట్రోఫిల్‌ను ఎక్కువసేపు బతికిస్తుంది, ఇసినోఫిల్‌ను చంపుతుంది. అంటే కఫంలో న్యూట్రోఫిల్స్ ఎక్కువ కనపడితే అది జబ్బు వల్లా, మోతాదు వల్లా, ముదురుతున్న ఇన్‌ఫెక్షన్ వల్లా అన్నది ముందు విడదీయాలి.

ఇక్కడ మెపోలిజుమాబ్ చరిత్ర చెప్పాలి. మొదట్లో ఇసినోఫిల్స్ ఉన్నాయో లేదో చూడకుండా అందరికీ ఇచ్చి చూశారు, ఫలితం రాలేదు. 2009లో కఫంలో ఇసినోఫిల్స్ ఉన్నవాళ్లనే ఎంచి ఇచ్చిన రెండు పరీక్షల్లో దాడులు తగ్గాయి. మందు మారలేదు, మనుషుల్ని ఎంచే పద్ధతి మారింది. ఐఎల్-17కు కూడా అలాంటి గుర్తు దొరికితే కథ మారొచ్చు, ఇప్పటికైతే చేతిలో లేదు.

#12 · సూక్ష్మదర్శి

ఒప్పుకుంటాను. ఎంపిక లేకుండా చేసిన పరీక్షను బట్టి దారే అబద్ధమని అనకూడదనే నా మాట, మీరూ అదే అన్నారు.

వైరస్ వైపు ఒక ముక్క కలుపుతాను, ఎందుకంటే దాడుల్లో చాలావాటికి రైనోవైరస్ (జలుబు వైరస్) తోడుంటుంది. ఎపిథీలియం వైరస్‌ను పసిగట్టగానే పోసేది ఎక్కువగా ఇంటర్‌ఫెరాన్-లాంబ్డా, వైరస్‌ను ఎదుర్కొనే సైటోకైన్లలో ఒకటి. దాని రిసెప్టర్ ఎపిథీలియం మీద, న్యూట్రోఫిల్స్ వంటి కొద్ది కణాల మీదే ఉంటుంది. అందుకని వైరస్‌ను ఆపే జన్యువులు లేస్తాయి గాని వాపు ఒళ్లంతా అంటుకోదు. ఐఎల్-4, ఐఎల్-13 ఉన్నచోట ఈ ఇంటర్‌ఫెరాన్ జవాబు తగ్గిపోతుంది. ఇంటర్‌ఫెరాన్ పోసే ప్లాస్మాసైటాయిడ్ డెండ్రైటిక్ అనే రోగనిరోధక కణాల మీద ఐజీఈ రిసెప్టర్లు అల్లుకుపోయినా ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా తగ్గుతుంది. ఐజీఈని పట్టేసే ఒమాలిజుమాబ్ ఇచ్చిన పిల్లల్లో రైనోవైరస్‌కు ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా జవాబు మెరుగుపడింది, అది బాగా మెరుగుపడినవాళ్లలో దాడులు తక్కువ. 2015లో వచ్చిన ఫలితం అది.

అలాగని ఇంటర్‌ఫెరాన్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. 2020లో ఎలుకల్లో చూపించినట్టు, అది రోజుల తరబడి నిలిస్తే ఎపిథీలియం కణాలు విభజన ఆపేస్తాయి, పుండు మానదు, బ్యాక్టీరియా చొరబడుతుంది. మొదటి రోజు మేలు చేసిన ప్రోటీనే ఏడో రోజు గాయాన్ని మాననివ్వదు.

#13 · పిపెట్‌మొన

ల్యాబ్‌లో ఇవన్నీ చూడాలనుకునేవాళ్లకు గాలి-ద్రవ హద్దు కల్చర్‌లో (కణాల పైవైపు గాలి, కిందివైపు ద్రవం తగిలేలా పెంచే పద్ధతి) ఎక్కువ దెబ్బ తినే చోట్లు చెబుతాను.

0.4 మైక్రోమీటర్ల రంధ్రాలున్న 6.5 మి.మీ. ఇన్‌సర్ట్ (అడుగున రంధ్రాల పొర ఉన్న చిన్న గిన్నె) తీసుకుని, కణాలు నిండాక పై ద్రవం తీసేసి 21 నుంచి 28 రోజులు ఉంచితే సీలియా కొడతాయి, శ్లేష్మం వస్తుంది. గోబ్లెట్ మార్పు కావాలంటే ఐఎల్-13 మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు కింది ద్రవంలో, మీడియం మార్చిన ప్రతిసారీ కొత్తగా, 7 నుంచి 14 రోజులు. ఒక్కరోజు పోసి మక్5ఏసీ రాలేదని బాధపడితే లాభం లేదు. సీసీఎల్26 ముందుగానే లేస్తుంది, గోబ్లెట్ కణం తయారవ్వడానికి రోజులు పడుతుంది.

గోడ గట్టిదనం, అంటే కణాల పొర చూపే విద్యుత్ నిరోధం, కొలిచేటప్పుడు చదివిన అంకెలోంచి ఖాళీ ఇన్‌సర్ట్ అంకె తీసేసి, వైశాల్యంతో గుణించాలి. చదివింది 1500 ఓమ్‌లు, ఖాళీది 150, వైశాల్యం 0.33 చదరపు సెంటీమీటర్లు అనుకోండి: 1350ని 0.33తో గుణిస్తే సుమారు 445. గుణించకుండా 1500 అని రాస్తే వేరే సైజు ఇన్‌సర్ట్ వాడినవాళ్లతో పోల్చడం కుదరదు. ఇంక్యుబేటర్ నుంచి తీసిన వెంటనే ఒకటి, చల్లారాక ఒకటి కొలిస్తే కూడా అంకె మారుతుంది. అన్నీ ఒకే ఉష్ణోగ్రతలో కొలవాలి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు హైడ్రోకార్టిసోన్. చాలా మీడియాల్లో అది మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాముల చుట్టూ ఉంటుంది. అది స్టెరాయిడ్ కదా, డస్ప్1ను పెంచి పీ38ను అణుస్తుంది, ఎన్‌ఎఫ్-కప్పాబీని అణుస్తుంది. అందులోనే టీఎన్‌ఎఫ్ పోసి “సీఎక్స్‌సీఎల్8 పెద్దగా రాలేదు” అంటే వచ్చేదెలా? ప్రయోగానికి 24 గంటల ముందు హైడ్రోకార్టిసోన్ లేని మీడియంకు మార్చాలి. పై వైపు పోగైన పాత శ్లేష్మాన్ని కూడా ముందురోజే కడగాలి, లేకపోతే వారం రోజుల పోగు ఒక్కరోజు ఫలితంలో కలుస్తుంది. కింది ద్రవం, పై కడుగు రెండూ విడివిడిగా కొలవండి. కణం ఏ వైపు పోస్తుందన్నది ఒక్కో సైటోకైన్‌కు ఒక్కోలా ఉంటుంది.

రీకాంబినెంట్ ప్రోటీన్‌ను 0.1 శాతం అల్బుమిన్ లేకుండా నానోగ్రాముల స్థాయికి పలచన చేస్తే ట్యూబు గోడకే అతుక్కుపోతుంది. బ్యాక్టీరియాలో తయారైన ప్రోటీన్ అయితే ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పైపొరలోని విషం) అనుమానం ఎప్పుడూ ఉంటుంది. దానికి తేలికైన కంట్రోల్: అదే ప్రోటీన్‌ను మరిగించి పోయండి. ప్రోటీన్ చచ్చిపోతుంది, ఎండోటాక్సిన్ వేడికి లొంగదు. జవాబు అలాగే వస్తే మీరు చూసింది సైటోకైన్ పని కాదు.

#14 · తూనిక

కఫంలో ఐఎల్-5, ఐఎల్-13 కొలిస్తే చాలాసార్లు ఏమీ దొరకదంటారు. నిజంగా లేవా, పోతున్నాయా?

#15 · పిపెట్‌మొన

రెండూనండీ. పికోగ్రాముల్లో ఉంటాయి, ఆ ఉన్నవీ మన చేతుల్లోనే పోతాయి.

కఫం జిగటను విడగొట్టడానికి 0.1 శాతం డైథయోథ్రైటాల్ వాడతాం. అది మ్యూసిన్లలోని డైసల్ఫైడ్ బంధాలను తెంచుతుంది. సైటోకైన్‌లలోనూ అవే బంధాలున్నాయి. అవి తెగితే ప్రోటీన్ విప్పుకుంటుంది, ఎలైజా యాంటీబాడీ దాన్ని గుర్తుపట్టదు. సీఎక్స్‌సీఎల్8 చాలావరకు తట్టుకుంటుంది, ఐఎల్-5, ఐఎల్-13 వంటివి తట్టుకోవు. అందుకని ముందు ఉప్పునీటి బఫర్. ఉమ్మి లేకుండా ఏరిన కఫం ముద్ద 0.5 గ్రాములుంటే 8 రెట్లు, అంటే 4 మి.లీ. బఫర్ పోసి, ఐసు మీద 15 నిమిషాలు ఊపి, తిప్పి, పైతేట తీసి మైనస్ 80కి పంపాలి. ఆ తర్వాతే మిగిలిన ముద్దకు డైథయోథ్రైటాల్ కలిపి కణాల లెక్కకు వాడాలి. పొలుసు కణాలు వదిలేసి 400 కణాలు లెక్కపెట్టాలి. పొలుసు కణాలు మరీ ఎక్కువుంటే అది కఫం కాదు, లాలాజలం.

న్యూట్రోఫిల్స్ ఎక్కువున్న శాంపిల్‌లో ఎలాస్టేస్ సైటోకైన్‌లను కోసేస్తుంది కాబట్టి ప్రోటియేజ్ నిరోధకాలు వెంటనే పడాలి. ప్రతి బ్యాచ్‌లోనూ తెలిసిన మొత్తం కలిపి చూడండి. 100 పికోగ్రాములు కలిపితే 40 మాత్రమే తిరిగొస్తే రికవరీ 40 శాతం, అలాంటి శాంపిల్‌లో “లేదు” అన్న ఫలితానికి విలువ లేదు. 80 నుంచి 120 మధ్య ఉంటే నమ్మొచ్చు.

కఫం తెప్పించడానికి ముందు నాళాన్ని వదులుచేసే సాల్బుటమాల్ 200 నుంచి 400 మైక్రోగ్రాములు, తర్వాత 3, 4, 5 శాతం ఉప్పునీటి ఆవిరి, ప్రతి అంచె తర్వాత ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదగలిగిన గాలి). 20 శాతం పడితే ఆపేయాలి. తీవ్ర ఉబ్బసం ఉన్నవాళ్లలో 0.9 శాతంతోనే మొదలుపెట్టాలి. ఇందులో తొందర పనికిరాదు.

#16 · కణకేంద్రం

మొదట అడిగిన “ఆపేవి ఏవి” అన్నదానికి ఎపిథీలియం లోపల ఉన్న ఒక ప్రోటీన్ పేరు ఇంకా రాలేదు: ఏ20. ఎన్‌ఎఫ్-కప్పాబీ లేచినప్పుడు అది తనను ఆపే ఐకప్పాబీ-ఆల్ఫాను మళ్లీ తయారు చేయిస్తుంది, ఏ20నీ తయారు చేయిస్తుంది. ఏ20 యుబిక్విటిన్ (ప్రోటీన్లకు గుర్తుగా అతికే చిన్న ప్రోటీన్) గొలుసులను తెంచి పైనుంచి వచ్చే సంకేతాన్ని చల్లారుస్తుంది. 2015లో ఎలుకల్లో చూపించిన విషయం ఆసక్తికరమైనది. పశువుల కొట్టాల దుమ్ము, లేదా కొద్ది మోతాదులో ఎండోటాక్సిన్, కొన్నాళ్లు క్రమంగా పీలిస్తే ఊపిరితిత్తుల ఎపిథీలియంలో ఏ20 పెరుగుతుంది. ఆ తర్వాత దుమ్ముపురుగు తగిలినా డెండ్రైటిక్ కణాలను పిలిచే సైటోకైన్‌లు సరిగా రావు, అలర్జీ కుదురుకోదు. ఎపిథీలియంలో ఏ20 తీసేస్తే ఈ రక్షణ పోతుంది.

దీనిలోంచి ఎలుకల ప్రయోగాలకు ఒక హెచ్చరిక: దుమ్ముపురుగు సారంలో ఎండోటాక్సిన్ ఒక్కో బ్యాచ్‌లో ఒక్కోలా ఉంటుంది. ఒక బ్యాచ్‌లో ఇసినోఫిల్స్ వచ్చి, ఇంకోదాంట్లో న్యూట్రోఫిల్స్ వస్తే జన్యువులను అనుమానించే ముందు సీసా మీది అంకె చూడండి. మొత్తం ప్రయోగానికి సరిపడా ఒకే బ్యాచ్ తీసుకోవడం మేలు.

#17 · గ్రాహకి

ఐఎల్-10, టీజీఎఫ్-బీటా గురించి కూడా. ఐఎల్-10 స్టాట్3 మీదుగా మాక్రోఫేజ్‌లలో టీఎన్‌ఎఫ్, ఐఎల్-12లను అణుస్తుంది, దాని సంగతి సూటిగానే ఉంటుంది. టీజీఎఫ్-బీటా అలా కాదు. అది తన తొడుగులో చుట్టుకుని నిద్రాణంగా బయట కూర్చుంటుంది. ఎపిథీలియం మీది ఆల్ఫా-వి-బీటా6, డెండ్రైటిక్ కణాల మీది ఆల్ఫా-వి-బీటా8 ఇంటెగ్రిన్లు (కణం మీది పట్టు ప్రోటీన్లు) దాన్ని క్రియాశీలం చేస్తాయి. బీటా6 అయితే తొడుగును పట్టుకుని లాగుతుంది, లాగితే గాని విప్పుకోదు. అలా విప్పుకున్నది టీ కణాలను నియంత్రణ కణాలుగా మార్చి వాపును ఆపుతుంది, అదే ప్రోటీన్ ఎపిథీలియం కింద కొల్లాజెన్ పేర్పించి నాళాన్ని బిరుసెక్కిస్తుంది.

#18 · తూనిక

లాగితేనే విప్పుకుంటుందంటే, వాపు లేకపోయినా ఉత్త బిగుతుకే అది మొదలవ్వగలదా?

#19 · గ్రాహకి

అవ్వగలదు, మనుషుల్లోనే చూశారు. 2011లో వచ్చిన పరీక్షలో కొద్దిపాటి ఉబ్బసం ఉన్నవాళ్లకు ఒక గుంపుకు అలర్జీ పదార్థం, ఇంకో గుంపుకు మెథకోలిన్ మళ్లీ మళ్లీ పీల్పించారు. మెథకోలిన్ నాళాన్ని బిగిస్తుంది గాని ఇసినోఫిల్స్‌ను తేదు. అయినా రెండు గుంపుల్లోనూ ఎపిథీలియం కింద కొల్లాజెన్ పొర ఒకేలా మందమైంది, టీజీఎఫ్-బీటా పెరిగింది. మెథకోలిన్‌కు ముందు సాల్బుటమాల్ ఇచ్చి బిగుతు రానివ్వని గుంపులో ఆ మార్పు రాలేదు.

#20 · వాయుగోణి

గ్రాహకి గారు చెప్పిన ఈ పరీక్ష వల్లే రోగితో మాట్లాడేటప్పుడు “ఆయాసం వచ్చినా తట్టుకుంటున్నాను, మందు అక్కర్లేదు” అన్న మాటను వదిలేయకూడదు. ఫీనో 18, ఇసినోఫిల్స్ 110 ఉన్నా, వారానికి నాలుగుసార్లు నాళం బిగుసుకుంటుంటే కొల్లాజెన్ పేరుకునే దారి తెరిచే ఉంది. ఆ దారిని చూపించే రక్తపరీక్ష రోజువారీ వైద్యంలో లేదు. కాబట్టి రెండు అంకెలతో పాటు రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఉపశమన ఇన్‌హేలర్ ఎన్నిసార్లు పీల్చారు అన్నవి కూడా అదే కాగితం మీద రాయండి.